ఖాళీ కోర్, సగం నేసిన చీర

బరంపురంలో పట్టు నేసే దేవాంగ కుటుంబం నుంచి వచ్చిన మా విద్యార్థి ఒకడు పోయిన ఏడాది ఒక ప్రోగ్రాం రాశాడు. ఇంట్లో దాచిన పాత చీరల అంచులను స్కాన్ చేసి, ఒక్కొక్క బొమ్మలో ఏ రంగు ఎన్ని చుక్కల్లో ఉందో లెక్కపెట్టడం దాని పని. ప్రయోగశాలలోని కంప్యూటరు తనకు ఎనిమిది కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేయగల ఎనిమిది భాగాలు, ఉన్నాయని చూపిస్తోంది కనుక పనిని ఎనిమిది థ్రెడ్లకు, అంటే పక్కపక్కనే సాగగల ఎనిమిది పాయలకు, పంచాడు. తీరా నడిపి చూస్తే, నాలుగు థ్రెడ్లతో పట్టిన సమయం కంటే ఎనిమిదింటితో ఎక్కువ పట్టింది. "మాస్టారూ, నాలుగు మగ్గాలకు బదులు ఎనిమిది మగ్గాలు వేస్తే చీర ఆలస్యమవుతుందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు తరగతి గది నల్లబల్ల మీద అరగంటలో చెప్పగలిగిన సమాధానం నాకు తృప్తినివ్వలేదు. ఒడియా, ఆంగ్ల మాధ్యమాల్లో చదువుకుంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే మా ఊరి పిల్లలకు ఈ విషయం వాళ్ళ అమ్మభాషలో, పూర్తిగా, ఒక్కసారైనా చెప్పాలన్న కోరికతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒకే కోర్ ఉన్న కంప్యూటరులో, పనులకు వంతులు నిర్ణయించే ఆపరేటింగ్ సిస్టమ్ భాగమైన షెడ్యూలర్ ముందుండే ప్రశ్న ఒక్కటే: సిద్ధంగా ఉన్న పనుల్లో తరువాత ఎవరిది వంతు? గడియారపు చిప్ క్రమం తప్పకుండా ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను తట్టి లేపుతుంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ తట్టడం సెకనుకు 100, 250 లేదా 1000 సార్లుగా అమర్చుకోవచ్చు. లేచిన ప్రతిసారీ కెర్నల్ ఇప్పుడు నడుస్తున్న పనికి తన వాటా అందిందో లేదో చూసి, అందితే దాన్ని పక్కన పెట్టి మరొకదాన్ని ఎక్కిస్తుంది. ఈ మార్పు ఎంత వేగంగా జరుగుతుందంటే, అన్నీ ఏకకాలంలో నడుస్తున్నాయని మనకు అనిపిస్తుంది. ఈ దశలో షెడ్యూలింగ్ అంటే కాలాన్ని పంచడం మాత్రమే.

2001లో ఐబీఎం పవర్ 4 చిప్‌లో రెండు కోర్లను ఒకేచోట అమర్చింది. 2005 నాటికి ఇంటెల్, ఏఎండీ సంస్థలు ఇళ్ళలో వాడే కంప్యూటర్లకు కూడా జంట కోర్ల చిప్‌లను తెచ్చాయి. గడియార వేగాన్ని పెంచుతూ పోతే చిప్ పుట్టించే వేడిని తట్టుకోవడం అసాధ్యమయ్యే స్థితి వచ్చింది కనుక, ఒక్క కోర్‌ను మరింత వేగంగా పరిగెత్తించే బదులు కోర్ల సంఖ్యను పెంచే దారి పట్టారు. దాంతో షెడ్యూలర్‌కు రెండో ప్రశ్న ఎదురైంది: ఎవరిది వంతు అని మాత్రమే కాక, ఆ వంతు ఎక్కడ? వినడానికి ఇది మొదటి ప్రశ్నకు చిన్న అనుబంధంలా ఉంటుంది. నా దృష్టిలో మాత్రం కష్టమంతా ఇక్కడే ఉంది. ఎందుకంటే "ఎక్కడ" అన్నదానికి సరైన జవాబు చెప్పాలంటే అన్ని కోర్లూ ఈ క్షణాన ఏం చేస్తున్నాయో తెలియాలి, అది తెలుసుకోవడానికే ఖర్చవుతుంది, తెలుసుకునేలోగా పరిస్థితి మారిపోతుంది.

మొట్టమొదట తోచే పరిష్కారం అందరికీ ఒకే వరస. సిద్ధంగా ఉన్న పనులన్నీ ఒకే క్యూలో ఉంటాయి, ఖాళీ అయిన ప్రతి కోర్ వచ్చి ముందున్న పనిని తీసుకుపోతుంది. ఇందులో గొప్ప సుగుణం ఉంది: వరసలో పని ఉండగా ఏ కోర్ కూడా ఖాళీగా కూర్చోదు. లినక్స్ 2.4 వరకు పద్ధతి ఇదే. కోర్లు రెండో నాలుగో ఉన్నంతవరకు ఇది చక్కగా సాగుతుంది. ఆస్ట్రేలియాలో మత్తుమందు వైద్యుడైన కాన్ కోలివాస్ 2009లో, ఇంట్లో వాడే కంప్యూటర్ల కోసం మళ్ళీ ఒకే వరసతో పనిచేసే షెడ్యూలర్‌ను రాసి చూపించాడు. ఆ ఆలోచనకు కాలం చెల్లిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దానికి సరిపోయే యంత్రం పరిమాణం చిన్నది, అంతే.

యంత్రం పెరిగేకొద్దీ ఒకే వరసలో రెండు ఇబ్బందులు బయటపడతాయి. మొదటిది తాళం. రెండు కోర్లు ఒకే పనిని ఏకకాలంలో లాక్కోకుండా ఉండాలంటే వరసకు ఒక లాక్ ఉండాలి, వరసను ముట్టుకునే ప్రతి కోర్ ముందు ఆ లాక్‌ను పట్టుకోవాలి. అరవై నాలుగు కోర్లు ఉంటే, లాక్ కోసం ఎదురుచూడటంలోనే పని సమయం కరిగిపోతుంది. పైగా 2.4లో తరువాతి పనిని ఎంచుకోవడానికి కెర్నల్ సిద్ధంగా ఉన్న పనులన్నింటినీ ఒకటొకటిగా పరిశీలించేది, అంతసేపూ తాళం దాని చేతిలోనే ఉండేది.

రెండో ఇబ్బందిని అర్థం చేసుకోవాలంటే మా ఊరి మగ్గం దగ్గరికే వెళ్ళాలి. గుంట మగ్గం మీద ఒక పట్టు చీర సగం నేసి ఉందనుకోండి. పక్క మగ్గం ఖాళీ అయింది. ఈ సగం చీరను ఆ మగ్గం మీదికి మార్చి నేయవచ్చా? సూత్రప్రాయంగా వీలవుతుంది, కానీ పడుగును, అంటే నిలువు దారాలను, విప్పి, కొత్త మగ్గం మీద మళ్ళీ బిగించి, వేల పోగులను ఒక్కొక్కటిగా అచ్చులో, అంటే దువ్వెన లాంటి చట్రంలో, అతకాలి. అందుకు పట్టే సమయంలో ఉన్న మగ్గం మీదనే చాలా దూరం నేయవచ్చు. అందుకే ఏ నేతగాడూ మగ్గం ఖాళీ అయిందన్న ఒక్క కారణంతో సగం చీరను కదిలించడు.

కోర్‌కు దగ్గరలో ఉండే చిన్న, వేగమైన నిల్వను క్యాష్ అంటారు. కోర్‌కు అది మగ్గం మీద బిగించిన పడుగు లాంటిది. ప్రధాన జ్ఞాపకశక్తి నుంచి ఒక విలువ తెచ్చుకోవాలంటే సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. కోర్‌ను ఆనుకుని ఉన్న మొదటి స్థాయి క్యాష్‌లో అదే విలువ ఉంటే నాలుగైదు గడియారపు కొట్టుళ్ళలో, అంటే ఒకటి రెండు నానోసెకన్లలో, చేతికొస్తుంది. ఒక థ్రెడ్ కొంతసేపు ఒక కోర్ మీద నడిచిందంటే దానికి కావలసిన విలువలు ఆ కోర్ క్యాష్‌లోకి చేరి ఉంటాయి. దాన్ని వేరే కోర్‌కు మారిస్తే అక్కడ అన్నీ మొదటి నుంచి తెచ్చుకోవాలి. ఆ ఖర్చు ఎంతో ఒక లెక్క వేద్దాం. జ్ఞాపకశక్తి నుంచి క్యాష్‌లోకి వచ్చే సమాచారం 64 బైట్ల ముక్కలుగా వస్తుంది. ఒక థ్రెడ్ 1 మెగాబైట్ సమాచారంతో పనిచేస్తుంటే అవి 16,384 ముక్కలు. ఒక్కొక్కటీ విడిగా 100 నానోసెకన్లు తీసుకుంటే మొత్తం 1.6 మిల్లీసెకన్లు. నిజానికి చిప్ ముందుచూపుతో చాలా ముక్కలను ఒకేసారి రప్పించుకుంటుంది కనుక అంత పట్టదు. అయినా, ఒక పనిని దించి మరొకదాన్ని ఎక్కించడానికి కెర్నల్‌కు నేరుగా అయ్యేది కొద్ది మైక్రోసెకన్లేనని గుర్తుంచుకుంటే, అసలు మూల్యం ఎక్కడ చెల్లిస్తున్నామో తెలుస్తుంది. కోర్ ఖాళీగా ఉంటే ఏ పర్యవేక్షణ తెర మీదైనా కనిపిస్తుంది. క్యాష్ చల్లబడినప్పుడు, అంటే కావలసిన విలువలు అందులో లేనప్పుడు, మాత్రం కోర్ వంద శాతం పనిలో ఉన్నట్టే కనిపిస్తుంది, పని మాత్రం నడవదు. చాలామంది ఇంజనీర్లు మొదటి దాన్నే లోపంగా చూసి రెండోదాన్ని గమనించకపోవడానికి కారణం ఇదే.

మగ్గంతో పోలిక ఇంతవరకే నిలుస్తుందని కూడా చెప్పాలి. మగ్గం మీద ఒక చీర పూర్తయ్యాకే మరొకటి ఎక్కుతుంది. కోర్ మీద మాత్రం ఒకే సెకనులో వందల సార్లు పనులు మారుతుంటాయి, మారిన ప్రతిసారీ ఒకరి పడుగును మరొకరు కొంత తొలగిస్తుంటారు. అందువల్ల పాత కోర్ దగ్గర పడుగు ఇంకా మిగిలి ఉందా అన్నది కాలం మీద ఆధారపడుతుంది. లినక్స్ దీనికి ఒక సాదా కొలత పెట్టుకుంది: ఒక థ్రెడ్ గత అర మిల్లీసెకనులోపు ఆ కోర్ మీద నడిచి ఉంటే దాని క్యాష్ వెచ్చగా ఉన్నట్టు భావించి, వీలైనంతవరకు కదిలించదు. ఈ 500 మైక్రోసెకన్లు ఏ ప్రకృతి సూత్రం నుంచీ పుట్టిన అంకె కాదు, అనుభవంతో పెట్టుకున్న అంచనా. షెడ్యూలర్ నిండా ఇలాంటి అంచనాలే ఉంటాయి.

ఒకే వరస ఇబ్బందులకు విరుగుడుగా కెర్నల్ రచయితల్లో ఒకడైన ఇంగో మోల్నార్ రాసిన కొత్త షెడ్యూలర్ 2003 డిసెంబరులో విడుదలైన లినక్స్ 2.6తో అందరికీ అందింది. అందులో ప్రతి కోర్‌కూ సొంత వరస, సొంత తాళం. ఒక కోర్ తన వరసలో నుంచి పనిని తీసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు, థ్రెడ్ కూడా సహజంగానే తన పాత కోర్ దగ్గరే ఉండిపోతుంది. ఒక్క దెబ్బతో తాళం గొడవా, క్యాష్ గొడవా తీరిపోయినట్టే. బదులుగా ఒకే వరస పద్ధతిలో ఉచితంగా దొరికిన సుగుణం పోయింది. ఇప్పుడు ఒక కోర్ వరసలో అయిదు పనులు ఎదురుచూస్తుండగా, పక్క కోర్ ఖాళీగా ఉండటం సాధ్యమే. ఈ అసమతూకాన్ని సరిచేయడమే ఆధునిక షెడ్యూలర్‌కు ప్రధానమైన బాధ్యత.

సరిచేసే అవకాశాలు మూడు సందర్భాల్లో వస్తాయి. నిద్రపోతున్న థ్రెడ్ లేచినప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో ఎలాగూ నిర్ణయించాలి కనుక, పాత కోర్ ఖాళీగా ఉందా, లేకుంటే దానితో చివరి స్థాయి క్యాష్ పంచుకునే కోర్లలో ఏదైనా ఖాళీగా ఉందా అని చూస్తారు. ఒక కోర్ పని అయిపోయి ఖాళీ కాబోతున్నప్పుడు పక్కవాళ్ళ వరసల్లోకి తొంగిచూసి ఒక పనిని లాక్కుంటుంది. ఇక ఏమీ జరగకపోయినా నిర్ణీత వ్యవధుల్లో బరువులను పోల్చి సర్దుతారు. వీటిలో రెండోదే నాకు అన్నింటికంటే తెలివైనదిగా తోస్తుంది, ఎందుకంటే వెతికే శ్రమ ఖాళీగా ఉన్నవాడి మీదే పడుతుంది, పనిలో ఉన్నవాడిని తక్కువగా కదిలిస్తుంది. అక్కడ కూడా లినక్స్ ఒక జాగ్రత్త తీసుకుంటుంది: ఈ కోర్ సగటున ఎంతసేపు ఖాళీగా ఉంటుందో లెక్కించి, వెతకడానికి పట్టే సమయం అంతకంటే ఎక్కువైతే అసలు వెతకదు.

బరువులను పోల్చడం అన్నాను. ఆ బరువు అంటే ఏమిటి? వరసలో ఎన్ని పనులున్నాయో లెక్కపెడితే చాలదు. లినక్స్‌లో ప్రతి పనికీ నైస్ అనే అంకె ఉంటుంది. సాధారణమైన పనికి అది సున్నా, దాని బరువు 1024. నైస్ ఒక్కో మెట్టు పెరిగినప్పుడు బరువు సుమారు 1.25తో భాగించినంతగా తగ్గుతూ, చివరి మెట్టు 19 దగ్గర 15కు చేరుతుంది. కనుక ఒక కోర్ మీద చివరి మెట్టు పనులు పది ఉన్నా, అవన్నీ కలిపి ఒక సాధారణ పని బరువులో ఆరో వంతు కూడా తూగవు. బరువొక్కటీ కూడా చాలదు. పెద్ద బరువున్న థ్రెడ్ తన సమయంలో తొంభై శాతం నిద్రపోతూ ఉండవచ్చు. అందుకే 2013 నుంచి లినక్స్ ప్రతి థ్రెడ్ చరిత్రనూ సుమారు మిల్లీసెకను ముక్కలుగా నమోదు చేస్తూ, పాత ముక్కల ప్రాధాన్యాన్ని క్రమంగా తగ్గిస్తూ వస్తోంది. 32 మిల్లీసెకన్ల కిందటి ప్రవర్తనకు ఇప్పటి ప్రవర్తనలో సగం విలువే ఉంటుంది. గతాన్ని చూసి భవిష్యత్తును ఊహించడం తప్ప షెడ్యూలర్‌కు వేరే దారి లేదు, ఏ థ్రెడ్ కూడా తాను ఇంకెంతసేపు నడుస్తుందో ముందుగా చెప్పదు.

న్యాయం అన్న మాటకు అర్థం కూడా బహుళ కోర్లలో మారుతుంది. 2007 అక్టోబరులో వచ్చిన 2.6.23 కెర్నల్ నుంచి లినక్స్, ప్రతి థ్రెడ్‌కూ బరువును బట్టి లెక్కించిన నడిచిన సమయాన్ని నమోదు చేసి, అందరికంటే తక్కువ నడిచినదానికి వంతు ఇచ్చే పద్ధతిని అనుసరించింది. 2023లో 6.6 కెర్నల్ నుంచి దాని స్థానంలో, వాటాతోపాటు గడువును కూడా చూసే పద్ధతి వచ్చింది. దాని మూలం అయాన్ స్టోయికా, హుస్సేన్ అబ్దెల్ వహబ్‌లు 1995లో ప్రతిపాదించిన సూత్రం. రెండూ అందమైన గణితాలే. కానీ రెండూ ఒక్కొక్క కోర్ వరసలో విడివిడిగా జరిగే గణితాలు. సమానమైన మూడు థ్రెడ్లు, రెండు కోర్లు ఉన్నాయనుకోండి. న్యాయంగా ఒక్కొక్కదానికి ఒక కోర్‌లో మూడింట రెండు వంతులు రావాలి. ఒకటి మొదటి కోర్ మీద, రెండు రెండో కోర్ మీద కూర్చుంటే, మొదటిదానికి పూర్తి కోర్, మిగతా రెండింటికీ చెరి సగం. ప్రతి వరసలోనూ లెక్క ఒప్పుగా ఉంటుంది, మొత్తం మీద మాత్రం అన్యాయం జరుగుతుంది. దీన్ని సరిదిద్దాలంటే థ్రెడ్లను వంతులవారీగా కోర్ల మధ్య తిప్పుతూ ఉండాలి, తిప్పిన ప్రతిసారీ పడుగు విప్పి అతికే ఖర్చు భరించాలి. పైగా ఒక వరసలో నడిచిన సమయానికీ మరో వరసలోని సమయానికీ మొదలు ఒకటి కాదు కనుక, వచ్చిన థ్రెడ్ లెక్కను కొత్త వరస లెక్కకు సర్దుబాటు చేయాలి. లేకుంటే అది వస్తూనే అందరినీ దాటిపోతుంది, లేదా అందరికంటే వెనకబడుతుంది.

ఇంతవరకు అన్ని కోర్లూ ఒకదానికొకటి సమాన దూరంలో ఉన్నట్టు మాట్లాడాను. పెద్ద సర్వర్లలో అలా ఉండదు. ఒక్కో సాకెట్‌కు, అంటే ఒక్కో చిప్ కూర్చునే చోటుకు, తన దగ్గరి జ్ఞాపకశక్తి ఉంటుంది, అవతలి సాకెట్ జ్ఞాపకశక్తిని చేరాలంటే ఎక్కువ సమయం పడుతుంది. మా గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్ళిన కుటుంబాలను ఎరిగిన వాళ్ళకు ఇది వివరించనక్కరలేదు. పక్క వీధి మగ్గానికి మారడం వేరు, సూరత్‌కు మారడం వేరు. అక్కడికి వెళ్ళాక కూడా ఇల్లు, సామాను, మనుషులు ఇక్కడే ఉండిపోతే ప్రతి అవసరానికీ దూరం అడ్డుపడుతుంది. థ్రెడ్ అవతలి సాకెట్‌కు వెళ్ళినా దాని సమాచారం ఇవతలే ఉండిపోతుంది. అందుకే లినక్స్ కోర్లను అంతస్తులుగా చూస్తుంది: ఒకే కోర్ రెండేసి థ్రెడ్లను మోసే జంటలు (వీటి సంగతి తరువాత చెబుతాను) ఒక అంతస్తు, చివరి క్యాష్ పంచుకునేవి దానిపైది, ఒకే సాకెట్‌లోనివి, ఆపైన సాకెట్ల మధ్య. కింది అంతస్తులో తరచుగా, తక్కువ తేడాకే సర్దుతుంది. పైకి వెళ్ళేకొద్దీ అరుదుగా, పెద్ద తేడా కనిపిస్తేనే కదిలిస్తుంది.

అంతస్తుల వల్ల ఇంకో సౌలభ్యం ఉంది. పై అంతస్తులో ప్రతి కోర్‌నూ విడిగా చూడకుండా గుంపుల సగటు బరువులను పోల్చితే సరిపోతుంది. తెలుసుకునే ఖర్చు తగ్గుతుంది. ఈ వ్యాసంలో నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే సంగతి ఈ సగటు దగ్గరే ఉంది. 2016లో కంప్యూటరు వ్యవస్థల పరిశోధకుల సదస్సు యూరోసిస్‌లో జాన్ పియర్ లోజీ, అలెగ్జాండ్రా ఫెదరోవా ప్రభృతులు ఒక పరిశోధన పత్రం సమర్పించారు. అప్పటికి ఏళ్ళుగా ప్రపంచమంతా వాడుతున్న లినక్స్ షెడ్యూలర్‌లో, పని ఎదురుచూస్తుండగానే కోర్లు ఖాళీగా ఉండిపోయే నాలుగు లోపాలను వాళ్ళు బయటపెట్టారు. వాటిలో ఒకటి ఇలా ఉంటుంది. ఒక వినియోగదారు ఒకే థ్రెడ్ ఉన్న బరువైన గణాంకాల ప్రోగ్రాం నడుపుతున్నాడు. మరొకరు అరవై నాలుగు థ్రెడ్లతో కెర్నల్‌ను కంపైల్ చేస్తున్నారు, అంటే దాని కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మారుస్తున్నారు. ఇద్దరికీ న్యాయం జరగాలని షెడ్యూలర్ రెండో వ్యక్తి థ్రెడ్ల బరువును అరవై నాలుగుతో భాగిస్తుంది, మొదటి వ్యక్తి ఒక్క థ్రెడ్‌కు బరువంతా ఉండిపోతుంది. ఇప్పుడు ఆ బరువైన థ్రెడ్ ఉన్న గుంపులో మిగతా కోర్లు ఖాళీగా ఉన్నా, ఒక్క థ్రెడ్ బరువు వల్ల గుంపు సగటు ఎక్కువగా కనిపిస్తుంది. పక్క గుంపులో కోర్‌కు రెండేసి థ్రెడ్లు ఎదురుచూస్తున్నా, అవి తేలికైనవి కనుక సగటు తక్కువగానో సమానంగానో ఉంటుంది. ఖాళీ కోర్ తన గుంపు సగటును చూసి, మాకు తగినంత పని ఉంది అనుకుని ఊరుకుంటుంది.

వీధిలో ఒక షావుకారు ఇంట్లో ఒక్క మగ్గానికి మాత్రం పనుండి, ఏడు మగ్గాలు ఖాళీగా ఉన్నా, ఆ ఒక్క మగ్గం మీది చీర ఖరీదైనది కాబట్టి ఇంటి సగటు ఆదాయం బాగుందని లెక్క తేలితే, ఆ ఏడుగురు నేతగాళ్ళ పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి. పరిశోధకులు సూచించిన విరుగుడు సగటులకు బదులు ప్రతి గుంపులో అతి తక్కువ బరువున్న కోర్‌లను పోల్చమనడం. ఖాళీగా ఉన్నవాడెవడైనా ఉన్నాడా అన్న ప్రశ్నను సూటిగా అడగడం అది. మరో లోపంలో, లేచిన థ్రెడ్‌ను క్యాష్ వెచ్చదనం కోసం అదే గుంపులో వెతికి పెడుతూ, వేరే గుంపులో ఖాళీ కోర్లున్నా చూడలేదు. ఇంకొక లోపంలో, ఒక కోర్‌ను తాత్కాలికంగా ఆపి మళ్ళీ చేర్చినప్పుడు పై అంతస్తుల నిర్మాణం తిరిగి కట్టబడక, థ్రెడ్లన్నీ ఒకే గుంపులో చిక్కుకుపోయేవి. ఇవేవీ యంత్రాన్ని ఆపలేదు, ఏ లోప సందేశాన్నీ చూపలేదు. పని కొంచెం నెమ్మదిగా జరిగింది, అంతే. అందుకే అంతకాలం ఎవరి కంటా పడలేదు.

షెడ్యూలర్‌ను రాసినవాళ్ళు అసమర్థులు కారు. ఈ సమస్య స్వభావమే మొండిది. థ్రెడ్ల నిడివి ముందే పూర్తిగా తెలిసినా, వాటిని రెండే కోర్లకు సమానంగా పంచే అత్యుత్తమ మార్గాన్ని కనుగొనడం గణితంలో అతి కష్టమైన సమస్యల వర్గానికి చెందుతుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో గణితవేత్త రొనాల్డ్ గ్రాహం 1966లో మరింత ఆశ్చర్యకరమైన విషయాన్ని నిరూపించాడు: పనివాళ్ళను పెంచితే పని ఆలస్యం కావచ్చు. మా విద్యార్థి ప్రశ్న సరిగ్గా ఇదే కనుక ఆయన ఉదాహరణను పూర్తిగా చెబుతాను.

తొమ్మిది పనులున్నాయి. వాటికి పట్టే రోజులు వరసగా 3, 2, 2, 2, 4, 4, 4, 4, 9. తొమ్మిదో పని మొదలుపెట్టాలంటే మొదటిది పూర్తి కావాలి. అయిదు నుంచి ఎనిమిది వరకు ఉన్న పనులు మొదలవ్వాలంటే నాలుగోది పూర్తి కావాలి. నియమం ఒక్కటే: ఎవరు ఖాళీ అయితే వాళ్ళు జాబితాలో సిద్ధంగా ఉన్న మొదటి పనిని తీసుకోవాలి. ముగ్గురు పనివాళ్ళు ఉంటే, మూడో రోజుకు మొదటి పని ముగుస్తుంది. అప్పటికి నాలుగోది ఇంకా నడుస్తుంటుంది కనుక అయిదు నుంచి ఎనిమిది వరకు పనులు సిద్ధంగా ఉండవు, పెద్దదైన తొమ్మిదో పని వెంటనే మొదలై పన్నెండో రోజుకు పూర్తవుతుంది. మిగతా ఇద్దరూ నాలుగేసి రోజుల పనులు రెండేసి చేసి అదే పన్నెండో రోజుకు ముగిస్తారు. ఇప్పుడు నలుగురు పనివాళ్ళను పెట్టండి. నాలుగో పని మొదటి రోజే మొదలై రెండో రోజుకే పూర్తవుతుంది. దాంతో అయిదు, ఆరు, ఏడు సిద్ధమై ముగ్గురిని పట్టుకుంటాయి. మూడో రోజుకు ఖాళీ అయినవాడు జాబితాలో ముందున్న ఎనిమిదో పనిని తీసుకుంటాడు. తొమ్మిది రోజుల పెద్ద పని ఆరో రోజు వరకు ఎవరి చేతికీ అందదు, పదిహేనో రోజుకు గాని పూర్తి కాదు. ముగ్గురితో పన్నెండు రోజులు, నలుగురితో పదిహేను. ఎవరూ తప్పు చేయలేదు, చేయదగిన పని ఉండగా ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. ఇలాంటి జాబితా పద్ధతి ఎంత ఘోరంగా పనిచేసినా, అత్యుత్తమ సమయానికి రెట్టింపును మాత్రం చేరదని కూడా గ్రాహం అదే చోట నిరూపించాడు. పనివాళ్ళు m మంది ఉంటే ఆ హద్దు 2 − 1/m.

మా విద్యార్థి ప్రోగ్రాంలో పనుల మధ్య అలాంటి ముందు వెనకల నియమాలు లేవు కనుక కారణం వేరేచోట వెతికాం. అతని కంప్యూటరు చూపించిన ఎనిమిదీ ఎనిమిది కోర్లు కావు. నాలుగు కోర్లు, ఒక్కొక్కదానిలో రెండేసి థ్రెడ్లను మోసే ఏర్పాటు. ఇంటెల్ 2002లో ఈ పద్ధతిని తన చిప్‌లలో తెచ్చింది. ఒక థ్రెడ్ జ్ఞాపకశక్తి కోసం ఎదురుచూసే వేళల్లో రెండోది కోర్‌ను వాడుకుంటుంది. కానీ లెక్కలు చేసే భాగాలు, మొదటి స్థాయి క్యాష్ ఇద్దరికీ ఒకటే. ఇద్దరూ ఎడతెగకుండా లెక్కలే చేస్తుంటే రెండో మనిషి వల్ల లాభం స్వల్పం. అందుకే షెడ్యూలర్ వీలైనంతవరకు ముందుగా వేర్వేరు కోర్లను నింపి, ఆ తరువాతే జంటలను వాడుతుంది. ఒకే క్యాష్ పంచుకునే జంటలో ఒకరి రహస్యాలను మరొకరు పసిగట్టే కొత్త దారులు 2018లో బయటపడ్డాక, పరస్పరం నమ్మకం లేని పనులను ఒకే కోర్ జంటలో కలపకుండా చూసే ఏర్పాటు కూడా 2021లో 5.14 కెర్నల్‌లోకి వచ్చింది.

జేబులోని ఫోన్ మరింత తిరకాసు. 2011లో ఫోన్ చిప్‌ల నమూనాలు రూపొందించే ఆర్మ్ సంస్థ ప్రకటించిన పద్ధతిలో కొన్ని కోర్లు బలమైనవి, కొన్ని పొదుపైనవి. 2021 చివరి నుంచి చాలా ఇంటెల్ కంప్యూటరు చిప్‌లదీ అదే దారి. అక్కడ "ఎక్కడ" అన్న ప్రశ్నకు విద్యుత్తు కూడా ఒక తూకపు రాయి అవుతుంది: ఈ పనిని చిన్న కోర్ తగిన వేగంతో చేయగలదా, చేస్తే బ్యాటరీ ఎంత మిగులుతుంది? 2019లో వచ్చిన 5.0 కెర్నల్ నుంచి లినక్స్ ఒక్కో కోర్ శక్తి ఖర్చు పట్టికను దగ్గర పెట్టుకుని ఈ లెక్క వేస్తోంది.

జంటల వల్ల ఎనిమిది థ్రెడ్లకు రెట్టింపు వేగం రాకపోవడం అర్థమైంది. ఉన్న వేగం కూడా తగ్గడానికి కారణం మా విద్యార్థి కోడ్‌లో ఉంది. ప్రతి థ్రెడ్ తన లెక్కను ఒకే వరుస పట్టికలో, పక్కపక్క గడుల్లో రాసుకుంటోంది. ఒక్కో గడి 8 బైట్లు. ఎనిమిది గడులూ కలిపి సరిగ్గా 64 బైట్లు, అంటే అన్నీ ఒకే క్యాష్ ముక్కలో పడే అవకాశం ఉంది. ఎవరి గడిలో వారే రాస్తున్నా, చిప్‌కు గడులు తెలియవు, ముక్క మాత్రమే తెలుసు. ఒక కోర్ రాయాలంటే ఆ ముక్క మిగతా కోర్ల నుంచి తొలగిపోయి తన దగ్గరికి రావాలి. మరుక్షణం ఇంకొక కోర్ దాన్ని లాక్కుంటుంది. ఒకే అచ్చును నాలుగు మగ్గాలు పంచుకుంటూ, ఒక్కో పోటు వేయడానికి పక్క మగ్గం నుంచి తెచ్చుకున్నట్టు అయింది. రాసే చేతులు పెరిగేకొద్దీ ఈ లాగులాట కూడా పెరిగింది. ఏ షెడ్యూలర్ కూడా దీన్ని చూడలేదు, ఎందుకంటే థ్రెడ్లన్నీ దాని కంటికి పూర్తిగా పనిలో ఉన్నట్టే కనిపిస్తాయి.

గడుల మధ్య ఖాళీ వదిలి ఒక్కొక్కటీ ఒక్కో ముక్కలో ఉండేలా మార్చాక, ఎనిమిది థ్రెడ్లు నాలుగింటి కంటే కొద్దిగా వేగంగా పూర్తయ్యాయి. ఆ ఉత్సాహంలో అతను మరో మెట్టు ఎక్కాడు: ప్రతి థ్రెడ్‌నూ ఒక్కో కోర్‌కు కట్టేస్తూ, కదలకూడదని కెర్నల్‌కు ఆజ్ఞ ఇచ్చాడు. తెల్లవారుజామున ఎవరూ లేని ప్రయోగశాలలో అది ఇంకొంచెం బాగా నడిచింది. పగలు అదే కంప్యూటరు మీద మరో ఇద్దరు తమ పనులు మొదలుపెట్టాక, కట్టేసిన థ్రెడ్లలో ఒకటి ఇంకొకరి బరువైన ప్రోగ్రాంతో ఒకే కోర్ మీద చిక్కుకుంది. తన వాటా పని ముగించుకుని పక్క కోర్ ఖాళీగా ఉన్నా, ఈ థ్రెడ్ అక్కడికి వెళ్ళడానికి లేదు. మిగతా ఏడుగురూ లెక్కలు పూర్తిచేసి దాని కోసం ఎదురుచూశారు. మధ్యాహ్నం అతను కట్టు విప్పేశాడు, ఎక్కడ నడవాలో తేల్చే పనిని తిరిగి కెర్నల్‌కే వదిలేసి, మళ్ళీ కొలతలు తీయడం మొదలుపెట్టాడు.